తోడుగా వచ్చిన మనిషి బీపీ

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా నాకు కలలో చేతులే కనిపిస్తాయి. ముఖాలు ఉండవు. బల్ల మీద చాపి పెట్టిన చేతులు, చొక్కా మోచేతి పైదాకా మడిచినవి, ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. బొగ్గుబావిలో పనిచేసినవాళ్ళ చేతుల మీద సన్నటి నీలం గీతలుంటాయి. దెబ్బ తగిలినచోట బొగ్గుపొడి లోపలే ఉండిపోయి, దాని మీద చర్మం మానితే అట్లా పచ్చబొట్టులా మిగిలిపోతుంది. కలలో నేను ఆ గీతల మీదుగా పట్టీ చుట్టి, గాలి కొట్టి, స్టెతస్కోపు ఆనించి వింటుంటాను. ఏ చప్పుడూ వినిపించదు. ఇంకాసేపట్లో వినిపిస్తుందిలే అని తొందరేమీ లేకుండా కూర్చుంటాను. అంతలో మొదటి షిఫ్టు సైరన్ మోగుతుంది. కళ్ళు తెరిస్తే కిటికీ బయట గోదావరి మీది పొగమంచు కాలనీ వీధుల్లోకి వచ్చి నిలబడి ఉంటుంది.

నేను గోదావరిఖనిలో నర్సుగా పనిచేశాను. మొదట కార్మికుల కాలనీలో ఉన్న చిన్న డిస్పెన్సరీలో, చివరి కొన్నేళ్ళు పెద్ద దవాఖానలో. మా నాన్న బెల్లంపల్లిలో బావి పని చేసినవాడే. అందుకని ఆ నీలం గీతలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆదివారం చర్చిలో నాన్న పక్కన కూర్చుని, ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఆయన ముంజేతి మీద గీతల వెంట వేలు నడిపేదాన్ని.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, “మీ అనుభవం చెప్పండి మేడం” అని అడుగుతారు. ప్రమోషన్లు, బదిలీలు, సీనియారిటీ గొడవలు నేను చెప్పను. అవి అందరికీ ఒక్కలాగే ఉంటాయి. ఇక్కడ రాసేది ఒక్క పని గురించి, ఒక్క ఇంటి గురించి.

చెవితో చేసే పని

నాకు బీపీ చూడటం నేర్పింది డాక్టర్ విశ్వనాథం గారు. డిస్పెన్సరీలో నా మొదటి పెద్ద డాక్టరు. అప్పటికి పాదరసం మిషన్లే. ఆయన నా వెనక నిలబడి, “వచ్చిన మనిషిని వచ్చినట్టే పట్టుకోకు. కూర్చోబెట్టు. ఊపిరి తిరగనివ్వు. చెయ్యి గుండె ఎత్తులో ఉందా? కాళ్ళు నేల మీద ఉన్నాయా? నువ్వు మాట్లాడకు, వాణ్ణీ మాట్లాడించకు. ఒకసారి చూసింది నమ్మకు, మళ్ళీ చూడు” అనేవారు. ఆయన చెప్పిన ఏ మాటా పొల్లుపోలేదు. హడావుడిగా చూసిన బీపీ అసలు చూడకపోవడం కన్నా ప్రమాదం. లేని జబ్బును ఉందంటుంది, ఉన్నదాన్ని దాచిపెడుతుంది.

పాదరసం మెల్లగా దిగుతుంటుంది. చెవిలో ఏమీ ఉండదు, నీళ్ళలో మునిగి వింటున్నట్టు ఉంటుంది. ఎక్కడో దూరంగా టప్ మని ఒక చప్పుడు మొదలవుతుంది. మొదలైనచోటు పై అంకె, ఆగిపోయినచోటు కింది అంకె. ఆ రెంటి మధ్య కాసేపు ఎదుటి మనిషి లోపలి చప్పుడు వింటూ ఉంటాం. మధ్యాహ్నం పూట ఫ్యాను తిరుగుతూ, బయట బెంచీల మీద జనం కునుకుతుంటే, ఆ చప్పుడు వింటూ నేనెక్కడున్నానో మరిచిపోయిన రోజులున్నాయి.

విశ్వనాథం గారిలో నాకు నచ్చనిది కూడా ఒకటుంది. ఆయన భయపెట్టేవారు. బీపీ ఎక్కువున్న మనిషితో, “ఇట్లాగే ఉంటే పక్షవాతం వచ్చి మంచాన పడతావు, నీ పెళ్ళాం నీకు మూతి తుడవాలి” అని పదిమందిలో అనేసేవారు. భయపడి మందులు వేసుకుంటారని ఆయన నమ్మకం. నేను చూసింది వేరు. భయపడినవాళ్ళు దవాఖానకు రావడం మానేసేవాళ్ళు. అంకె తెలియకపోతే జబ్బు లేనట్టే అనుకునేవాళ్ళు. ఆయన దగ్గర చేతిపని నేర్చుకున్నాను, నోటి తీరు నేర్చుకోలేదు.

బావిలో దిగేవాళ్ళకు కొన్నేళ్ళకోసారి వైద్య పరీక్ష ఉంటుంది. ఆ రోజుల్లో మా గదికి రెండు రకాల మనుషులు వచ్చేవాళ్ళు. బీపీ తక్కువ రావాలని మజ్జిగ తాగి, ఉల్లిగడ్డ తిని వచ్చేవాళ్ళు కొందరు. అన్‌ఫిట్ అయితే తమ ఉద్యోగం కొడుక్కి వస్తుందని ఉప్పునీళ్ళు తాగి, మెట్లు ఎక్కి దిగి రొప్పుతూ వచ్చేవాళ్ళు కొందరు. రెండు రకాలవాళ్ళ దృష్టీ పరీక్ష మీదే. పరీక్ష అయిపోయాక కూడా ఆ నెత్తురు అదే ఒత్తిడితో తిరుగుతుందని, ఏళ్ళ తరబడి అట్లా తిరిగితే మెదడులోని సన్నటి నెత్తుటి నాళాలు గట్టిపడి ఒకరోజు మూసుకుపోతాయని, లేదంటే పగులుతాయని ఎవరికీ పట్టేది కాదు. పట్టకపోవడానికి కారణం వాళ్ళ తెలివితక్కువతనం కాదు. అది నొప్పి పెట్టదు. నొప్పి లేనిదాన్ని మనిషి ఎట్లా నమ్ముతాడు?

రాజయ్య పరీక్ష

రాజయ్య టింబర్‌మన్. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు, దిమ్మెలు నిలబెట్టే పని. పొడుగు మనిషి, గట్టి మనిషి. భూమి లోపల ఎంత లోతుకైనా నవ్వుతూ దిగేవాడు కానీ మా గదిలోకి వస్తే చెమటలు పట్టేవి. పరీక్షకు ముందు ఒకసారి చూపించుకుందామని మధ్యాహ్నం పూట డిస్పెన్సరీకి వచ్చాడు. వెంట భార్య కనకలక్ష్మి వచ్చింది. కాలనీలో అందరూ కనకక్క అనేవాళ్ళు.

“సిస్టరమ్మా, జర తక్కువ రాయరాదా” అన్నాడు కూర్చోకముందే.

“ముందుగాల కూసో అన్నా. చూడకుండ ఏం రాయాలె?”

పట్టీ చుట్టబోతే చెయ్యి బిగపట్టాడు. ఆ స్థితిలో చూస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. కనకక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

“గింత భయపడుతవేంది? పులి నోట్లె పెడుతున్నవా చెయ్యి?”

ఆయన్ను కాస్త మరిపించడానికి నేను పట్టీ తీసేసి, “అక్కా, నువ్విట్ల రా. నొయ్యదని నీ చెయ్యికి పెట్టి చూపిస్త. అన్న చూస్తడు” అన్నాను.

ఆమె సంబరంగా వచ్చి కూర్చుంది. గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది. మాట్లాడొద్దన్నాను. నవ్వు ఆపుకుని భర్త వైపు కళ్ళెగరేసింది. నేను గాలి కొట్టి వదిలాను. చప్పుడు కోసం ఇంకా ఎదురుచూడాల్సిన ఎత్తులోనే, ఎవరో తలుపు తట్టినట్టు మొదలైంది. నేనే తప్పుగా విన్నాననుకున్నాను. గాలంతా తీసేసి, కాసేపు ఆగి మళ్ళీ చూశాను. రెండో చేతికి చూశాను. అదే. పై అంకె నూట తొంభై దాటింది. కింది అంకె నూట పదికి పైన.

“అయిపాయెనా? చూసినవా, నా చెయ్యి ఊడిందా?” అని భర్తను అడిగి లేచింది.

ఆ తతంగమంతా చూస్తూ రాజయ్య కుదుటపడ్డాడు. ఆయనకు చూస్తే నూట నలభై లోపే. ఆ అంకె చెప్పగానే ఆయన ముఖం చూడాలి. “గింతేనా! పాసైనట్టేనా సిస్టర్?” అని అడిగి, నేను తలూపేలోపే చెప్పులు వేసుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ జాతర నుంచి వెళ్తున్నట్టు మాట్లాడుకుంటూ బయటికి నడిచారు.

నేను వెనకాలే పరుగెత్తి గేటు దగ్గర ఆపాను.

“అక్కా, ఆగు. అన్నకు మంచిగనే ఉన్నది. నీకే చానా ఎక్కువున్నది.”

“నాకా?” చుట్టూ చూసింది, ఇంకెవరితోనో అంటున్నానేమోనని. “నాకేం రోగం సిస్టర్? నేనేమన్న బాయిలకు దిగుతున్ననా? నాకెవలు పరీక్ష పెడతరు?”

మా ప్రాంతమంతటి గురించీ ఆ ఒక్క మాటలో చెప్పేసింది. కార్మికుడి కుటుంబానికీ మందులు ఉచితమే, డాక్టర్లూ అందుబాటులోనే ఉండేవాళ్ళు. కానీ ఆడవాళ్ళు మా దగ్గరికి పిల్లలకు జ్వరమొస్తే వస్తారు, కాన్పుకు వస్తారు, భర్తకు తోడుగా వస్తారు. తమ కోసం తాము ఊరికే రారు. అడిగితే తప్ప మేమూ చెయ్యి చాపమనం. ఆ రోజు నవ్వులాటకు చాపిన చెయ్యి కాబట్టి తెలిసింది.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు చూసి మందులు రాశారు. ఆమె ఆ గోలీలను కొంగు చివర ముడేసుకుని, బస్సు టికెట్టంత తేలిగ్గా తీసుకుని వెళ్ళిపోయింది.

మంచిగున్న మనిషికి మందేంది?

కొన్ని నెలల తర్వాత ఆదివారం చర్చి నుంచి వస్తూ కూరగాయల మార్కెట్లో కనకక్కను చూశాను. వంకాయలు ఏరుతోంది.

“గోలీలు వేసుకుంటున్నవా అక్కా?”

“వేసుకుంటున్న సిస్టర్. తల నొచ్చిన్నాడు వేసుకుంటున్న.”

“నొయ్యకుంటె?”

“నొయ్యకుంటె ఎందుకు? ఊకూకె మింగితె కిడ్నీలు ఖరాబైతయంటరు. మంచిగున్న మనిషికి మందేంది సిస్టర్?”

నా ఉద్యోగంలో నన్ను డాక్టర్లు, ఆఫీసర్లు చాలా ప్రశ్నలు అడిగారు. ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు తెలిసింది చెప్పాను. బీపీ తలనొప్పితో చెప్పి రాదని, చాలామందికి ఏ నొప్పీ ఉండదని, మందు రోజూ వేసుకుంటేనే ఒత్తిడి రోజూ అదుపులో ఉంటుందని, కిడ్నీలను పాడుచేసేది గోలీ కాదు, అదుపులేని బీపీయేనని చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. “అట్లనా” అన్నది. వెళ్ళేముందు నా సంచిలో రెండు వంకాయలు వేసింది. నమ్మలేదని నాకు తెలిసింది.

నమ్మడానికి ఆమెకు తీరిక కూడా లేదు. రాజయ్య షిఫ్టు వారం వారం మారేది. మొదటి షిఫ్టయితే ఆమె కోడి కూయకముందే లేచి సద్ది కట్టాలి. రెండో షిఫ్టయితే ఆయన వచ్చేదాకా మేలుకుని ఉండాలి. మూడో షిఫ్టయితే పగలంతా ఆయన నిద్ర చెడకుండా ఇంట్లో పిల్లిలా తిరగాలి. ఆయన నిద్రతో పాటు ఆమె నిద్రా వారం వారం మారేది. షిఫ్టు డ్యూటీ చేసేది ఆయనొక్కడే అని అందరం అనుకునేవాళ్ళం. అందరూ తిన్నాక, మిగిలిన అన్నంలో కూర సరిపోక తొక్కు పచ్చడి కలుపుకుని తినేది ఆమె. ఆ ఉప్పంతా రోజూ ఆమె ఒంట్లోకే వెళ్ళేది.

ఒకసారి దారిలో రాజయ్య కలిస్తే, “అన్నా, అక్కకు నువ్వే యాది చెయ్యాలె గోలీల సంగతి” అన్నాను.

“ఆమె నా మాట ఇంటదా సిస్టర్? ఇంట్ల ఆమెదే సర్కారు” అని నవ్వుకుంటూ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున

ఆ పొద్దుటి సంగతి రాజయ్య నాకు తర్వాత చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ మొదటిసారి చూస్తున్నట్టే చెప్పేవాడు.

చలికాలం. మూడో షిఫ్టు దిగి ఇంటికొచ్చాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఆటోలు లైట్లు వేసుకుని పాకుతున్నట్టు వెళ్తున్నాయి, ఎదురింటి గోడ కనిపించడం లేదు. కనకక్క చాయ్ ఇచ్చింది. తానూ ఒక గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి, ఈ పూట ఏం కూర తేవాలని అడగబోయింది.

“కూర ఏం…” అన్నది. “ఏం… ఏం…” అన్నది. అక్కడే మాట ఆగిపోయింది. చేతిలో గ్లాసు మెల్లగా వంగింది. వేడి చాయ్ ఆమె పాదం మీదే కారుతోంది. ఆమె పాదం వైపు చూడటం లేదు.

“నవ్వుతుందనుకున్న సిస్టర్” అనేవాడు రాజయ్య. “సగం మూతి నవ్వుతున్నట్టే ఉండె. నేను గూడ నవ్విన.”

గ్లాసు కిందపడ్డాక గానీ ఆయనకు అర్థం కాలేదు. పట్టుకునేలోపే గోడకు ఆనుకుని కూలబడింది. కుడి చెయ్యి వేరే ఎవరిదో అన్నట్టు ఒళ్ళో పడి ఉంది. కేక విని చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. ఒకామె నిమ్మకాయ నీళ్ళు తెచ్చి నోట్లో పోయబోతే పొలమారింది. అట్లాంటప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు. నీళ్ళు, మందు, చివరికి బీపీ గోలీ కూడా. గొంతు సరిగా మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పక్కింటి ఎల్లయ్య కాక రిటైరయిన కార్మికుడు, మంచి మనిషి. “ఇది పచ్చవాతం బిడ్డా. దవాఖానల దీనికి మందు లేదు. మా ఊళ్ళె పావురం నెత్తురు రుద్దుతరు. నాకు మూతి వంకర పోతె గదే చేసిండ్రు, మంచిగ కాలేదా? ఆటో పిలుస్త, పోదాం పా” అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు వచ్చింది ముఖంలోని ఒక నరానికి సంబంధించిన జబ్బు. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గినప్పుడు ఏ మందు చేతిలో ఉంటే ఆ మందుకు పేరొస్తుంది. మెదడులో నెత్తుటి నాళం మూసుకుపోవడం వేరు. రెంటికీ మూతి వంకరే పోతుంది కాబట్టి జనం రెంటినీ ఒకటే అనుకుంటారు. అట్లాంటి ఎల్లయ్య కాకలను ఎగతాళి చేయకండి. వాళ్ళు ప్రేమతోనే తప్పుదారి చూపిస్తారు.

ఆటో వచ్చింది. రాజయ్య భార్యను రెండు చేతుల మీద ఎత్తుకుని అందులో కూర్చున్నాడు.

“ఎటు పోవాలె?” అన్నాడు ఆటో అతను.

“దవాఖానకు.”

కాక ఆటో కడ్డీ పట్టుకున్నాడు. “నా మాట ఇను రాజయ్యా. టైమంత పోతది.”

“కాకా, బాయిల పైకప్పు చప్పుడు చేసినంక ఆడ నిలబడి మాట్లాడుతమా? ముందుగాల బయటికి ఉరుకుతం. రా, నువ్వు గూడ ఎక్కు.”

కాక కడ్డీ వదిలాడు. ఎక్కి, ఆమె చల్లబడిన పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పటికి నేను పెద్ద దవాఖానలో, ఎమర్జెన్సీ గదిలో డ్యూటీలో ఉన్నాను. మంచులోంచి ఆటో వచ్చి ఆగింది. రాజయ్య చేతుల్లో ఉన్నది ఎవరో నేను మొదట పోల్చుకోలేదు. సగం ముఖం కనకక్కది. మిగతా సగం జారిపోయి ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, “చివరిసారి మంచిగ ఎప్పుడున్నది?”

“ఇప్పుడే డాక్టరమ్మా. నాకు చాయ్ ఇచ్చింది” అన్నాడు రాజయ్య.

ఆ జవాబే దారి తెరిచింది. నెత్తురు గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, మొదలైన నాలుగున్నర గంటల లోపు దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వచ్చు. అందరికీ కుదరదు, కానీ ఎంత ముందైతే అంత మేలు. ముందు స్కాను తీసి, లోపల నెత్తురు చిమ్మలేదని తేల్చుకోవాలి. డాక్టరమ్మ అప్పటికే కరీంనగర్‌లో అవి రెండూ ఉన్న ఒక దవాఖానకు ఫోను చేస్తోంది. నేను అంబులెన్సు ఎక్కాను.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ నిజంగా జరిగినట్టు అనిపించదు. కిటికీల నిండా తెలుపు. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీలు ఆ తెలుపులోంచి ఏనుగుల్లా వచ్చి, మళ్ళీ తెలుపులోకే వెళ్ళిపోతున్నాయి. కనకక్క కళ్ళు తెరిచే ఉంది. ఎడమ చేత్తో నా చీర అంచు పట్టుకుని, మార్కెట్లో గుడ్డ నాణ్యం చూస్తున్నట్టు వేళ్ళ మధ్య నలుపుతోంది. నేను ఆమె కుడి చేతిని పట్టుకున్నాను. వెచ్చగా ఉంది, బరువుగా ఉంది, కానీ ఆమె అందులో లేదు. నాకు తెలిసిన కీర్తన మనసులో పాడుకున్నాను. తల దగ్గర కూర్చున్న రాజయ్య పెదవులు కదులుతున్నాయి, ఆయన దేవుణ్ణి ఆయన పిలుచుకుంటున్నాడు. డ్యూటీ బట్టలు ఇంకా మార్చుకోలేదు. కళ్ళ చుట్టూ బొగ్గు అట్లాగే ఉంది.

స్కానులో నెత్తురు చిమ్మలేదు, గడ్డే అడ్డుపడింది. అయితే బీపీ అంత పైనుంటే ఆ ఇంజెక్షన్ ఇవ్వడానికి లేదు. లోపల నెత్తుటి నాళం పగలవచ్చు. ముందు దాన్ని మందుతో మెల్లగా దించాలి. దిగేదాకా అందరం ఆ అంకె వైపే చూస్తూ నిలబడ్డాం. గడువు దాటకముందే దిగింది. ఇంజెక్షన్ ఇచ్చారు.

బయట వరండాలో రాజయ్య గోడకు జారగిలబడి నేల మీద కూర్చున్నాడు. “ఆ దినం నాకు ధైర్యం చెప్పనీకి తన చెయ్యి చాపింది సిస్టర్” అన్నాడు. “నువ్వు గేటు దగ్గర ఆపి చెప్పినవు. నేను పాసైనని మస్తు ఖుషీల ఉన్న. ఇనలే.” బొగ్గు మీదుగా కన్నీళ్ళు కారి చెంపల మీద తెల్లటి దారులు పడ్డాయి.

నేను పక్కన కూర్చున్నాను.

మీకు చెప్పదలుచుకున్నది

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఒక్క అలవాటు చేసుకోండి. మీ ఎదుట కుర్చీలో కూర్చున్నవాళ్ళకు చూశాక, తోడుగా వచ్చి గోడ పక్కన నిలబడ్డవాళ్ళను కూడా పిలవండి. “మాకెందుకు” అంటారు. అయినా పిలవండి. కనకక్క తర్వాత నేను పిలవకుండా ఎవరినీ పంపలేదు. భర్తకని, అత్తకని, కొడుక్కని వచ్చినవాళ్ళలో ఎంతమంది చేతుల్లో ముందుగానే మొదలయ్యే ఆ చప్పుడు విన్నానో లెక్క పెట్టుకోలేదు.

ఇంకొకటి. మందు రాసి పంపితే మీ పని అయిపోయిందనుకోకండి. “మంచిగున్న మనిషికి మందేంది” అన్న ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్ళు వెతుక్కోవాలి. ఒకసారి చెబితే చాలదు. కలిసినప్పుడల్లా, విసుగు లేకుండా, కొత్తగా చెబుతున్నట్టే చెప్పాలి. ఇప్పుడు మిషన్లు బటన్ నొక్కితే అంకె చూపిస్తాయి. అది మంచిదే. కానీ అంకె చూపించాక ఎదుటి మనిషి ముఖం వైపు చూడటం మిషనుకు రాదు.

మాట

కనకక్క ఇంటికి వచ్చింది. కాలు త్వరగానే లొంగింది, గోడ పట్టుకుని నడిచేది. చెయ్యి మొండికేసింది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా అర్థమయ్యేది. జవాబు చెప్పబోతే “తా… తా…” అని తప్ప వచ్చేది కాదు. ఆ శబ్దం తనకే నచ్చక నోరు మూసుకునేది. ఆ ఇంటి సర్కారుకు గొంతు పోయింది.

రాజయ్య సెలవు పెట్టాడు. ముడుచుకుపోయిన ఆమె వేళ్ళను పొద్దున్నే ఒక్కొక్కటిగా విప్పి, నూనె రాసి, మళ్ళీ మూసి, మళ్ళీ విప్పేవాడు. అంత మోటు చేతులు అంత మెల్లగా కదలడం నేను ఎక్కడా చూడలేదు. వంట నేర్చుకున్నాడు. ఉప్పు తగ్గించి వండి, మొదటి ముద్ద తానే తిని ముఖం చిట్లించి, “మంచిగనే ఉన్నది” అని ఆమెకు పెట్టేవాడు. పొద్దున చాయ్ కన్నా ముందు గోలీ ఆమె చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడేవాడు. బసంత్‌నగర్‌లో ఉండే కూతురు సుజాత వారానికోసారి వచ్చి తల్లితో మాట్లాడుతూ కూర్చునేది. తల్లి వింటూ కూర్చునేది.

ఎండాకాలం మొదలయ్యేనాటికి నేను రిటైరయ్యాను. అయినా వాళ్ళింటికి వెళ్ళి బీపీ చూడటం మానలేదు. ఒక సాయంత్రం వెళ్ళేసరికి రాజయ్య స్టూలెక్కి, గోడకున్న తిరగని ఫ్యాను విప్పుతున్నాడు. కనకక్కను మంచం మీద కూర్చోబెట్టి కాసేపు ఊపిరి తిరగనిచ్చాను. పట్టీ చుట్టి, గాలి కొట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకున్నాను. తలుపులోంచి పసుపుపచ్చ వెలుగు వచ్చి నేల మీద పడుకుంది. ఆమె లోపలి చప్పుడు మొదలైంది. నెమ్మదిగా, ఒద్దికగా ఉంది.

అప్పుడు స్టూలు ఒక పక్కకు ఒరిగింది.

నా చెవులు మూసుకుని ఉన్నాయి కాబట్టి, ఆ కేక నాకు ఎక్కడో నేల కింది నుంచి వచ్చినట్టు వినిపించింది.

“రాజయ్యా! పైలం!”

రాజయ్య గోడను పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఫ్యాను రెక్క చేతిలోంచి జారి కింద మోగింది. నేను స్టెతస్కోపు తీసేశాను.

మా వైపు ఆ తరం ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. కనకక్క పట్టింపు ఇంకా గట్టిది. పేరు కలుస్తుందని వేములవాడ రాజన్నను కూడా “ఎములాడ దేవుడు” అనే మొక్కేది. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోటి నుంచి ఎవరూ విని ఉండరు, ఆయనతో సహా.

రాజయ్య స్టూలు మీద నుంచి దిగకుండానే అడిగాడు.

“ఎవలను పిలిచినవే? ఎములాడ రాజన్ననా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. ఎడమ చెయ్యెత్తి వేలితో ఆయన్ను చూపించింది. వెంటనే తానేం చేసిందో గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మాత్రం దించలేదు.

రాజయ్య మెల్లగా దిగి వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

“మల్లొక్కసారి పిలువు” అన్నాడు.

ఆమె ఆయన వైపు చూసింది. తర్వాత కొంగు తీసేసి, పెదవులు కూడదీసుకుని, ఒక్కో అక్షరం వెతికి తెచ్చుకుంటూ పిలిచింది.

“రా… జ… య్యా.”

“ఆఁ” అన్నాడు రాజయ్య.